అమ్మ ఒక ఇంట్లో, నాన్న ఒక ఇంట్లో: ముసలి దంపతులు ఎందుకు విడిపోవాల్సి వస్తోంది?

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వచ్చే అర్జీల్లో ఒక రకం ఉంటుంది. డెబ్బై దాటిన భార్యాభర్తలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఎప్పుడో పంచి ఇచ్చేసిన ఇల్లూ పొలమూ. పిల్లలు అన్నం పెట్టట్లేదని కొందరి ఫిర్యాదు. ఇంకొందరిది అది కాదు. పిల్లలు పెడతామనే అంటున్నారు, కాకపోతే అమ్మ పెద్దోడి దగ్గర, నాన్న చిన్నోడి దగ్గర. లేదంటే నెలకొకరి ఇంట్లో వంతులు, అవి కూడా ఎదురెదురు: ఆమె ఇక్కడుంటే ఆయన అక్కడ. యాభై ఏళ్లు ఒక కప్పు కింద బతికినవాళ్లు అధికారిని అడిగేది ఒక్కటే, ఇద్దరినీ ఒక్కచోట ఉండనివ్వమని.

ఈ కోరికకు మన చట్టాల్లో సూటి జవాబు లేదు. తల్లికి హక్కు ఉంది, తండ్రికి హక్కు ఉంది, అరవై దాటిన ప్రతి మనిషికీ హక్కు ఉంది. ఇద్దరూ కలిసి ఉండే హక్కు అని ఎక్కడా రాసి లేదు. కుటుంబం లెక్క ఒకటి, పింఛను లెక్క మరొకటి, కోర్టు లెక్క ఇంకొకటి. మూడింట్లోనూ ఆ జంట జంటగా కనిపించదు. చాలా ఇళ్లలో విడిపోవడానికి కారణం డబ్బు బొత్తిగా లేకపోవడం కాదు, ఉన్న కొద్దిపాటి డబ్బును లెక్కకట్టే తీరు. ఆ లెక్కల్ని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

కలిసి ఉంటే ఎంత, విడిపోతే ఎంత: ఒక ఊహా లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ఒక మండల కేంద్రం అనుకుందాం. సొంత ఇల్లు లేదు. ఇద్దరికీ బీపీ, ఆమెకు షుగర్ కూడా. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. బియ్యం రేషన్‌లో వస్తాయి. ఒక గది అద్దెకు తీసుకుని ఉంటే నెల ఖర్చు ఇలా ఉంటుందనుకుందాం: అద్దె 2,500, గ్యాసూ కరెంటూ 700, పాలు, కూరలు, వెచ్చాలు 3,800, మందులు 2,000, ఆటోలు, ఫోను, ఇతర ఖర్చులు 1,000. మొత్తం 10,000 రూపాయలు. పింఛను ఒకరికే, 4,000. తక్కువ పడేది 6,000. ముగ్గురు పిల్లలూ పంచుకుంటే తలా 2,000.

ఇప్పుడు విడదీసి చూద్దాం. గది అద్దె పోయింది, గ్యాసూ కరెంటూ కొడుకుల ఇళ్ల ఖర్చులో కలిసిపోయాయి. మిగిలింది 6,800, అంటే ఒక్కొక్కరికి 3,400. తల్లి పేర పింఛను ఉంది, ఆమె పెద్దకొడుకు దగ్గరకు వెళ్లింది. ఆమె ఖర్చు పోను పింఛనులో 600 మిగులుతుంది. తండ్రి చిన్నకొడుకు దగ్గరున్నాడు, ఆ 3,400 పూర్తిగా చిన్నకొడుకు జేబులోంచే. కూతురు వాటా సున్నా.

ఈ లెక్కలో రెండు సంగతులు దాగి ఉన్నాయి. విడదీయడం వల్ల పిల్లలందరికీ కలిపి మిగిలేది నెలకు 3,200, అంటే ముగ్గురి మధ్య తలా వెయ్యి పైచిలుకు. ఆ ఇంట్లో ముసలివాళ్లు కలిసి ఉండటానికి పడే ఖరీదు అంతే. రెండోది, విడదీశాక గొడవ తగ్గకపోగా పెరుగుతుంది. పింఛను ఉన్న మనిషి ఒక ఇంటికి ఆసరా, లేని మనిషి మరో ఇంటికి బరువు. "అమ్మను నువ్వే పెట్టుకున్నావు, నాన్నను నా నెత్తిన రుద్దావు" అన్న మాట సరిగ్గా ఇక్కడే పుడుతుంది. కొన్నాళ్లకు వంతులు మార్చుకుంటారు, మళ్లీ సంచులు సర్దుకోవాల్సింది ఆ ఇద్దరే.

కాగితం మీద పడని ఖర్చు ఇంకొకటి ఉంది. ఆమెకు కళ్లు సరిగ్గా ఆనవు, ఇన్సులిన్ సిరంజిలో గీతలు ఆయనే చూసి మందు తీస్తాడు. ఆయనకు మతిమరుపు. పొద్దున తెల్ల మాత్ర, రాత్రి గులాబీ రంగు మాత్ర అని ఆమే చేతిలో పెడుతుంది. ఎవరూ జీతం ఇవ్వని ఈ పని, విడదీసిన రోజు నుంచి రెండు ఇళ్లలో రెండు కొత్త మనుషుల మీద పడుతుంది. ఆ మనుషులు దాదాపు ఎప్పుడూ కోడళ్లే. "నావల్ల కాదు" అని ఒక కోడలు అన్నదంటే అందులో రాతిగుండె ఏమీ ఉండనక్కర్లేదు. అప్పటిదాకా మొగుడూ పెళ్లాలు ఒకరికొకరు చేసుకున్న పని ఎంతో ఆమెకు అప్పుడే తెలిసి ఉంటుంది.

పిల్లల వైపు కూడా న్యాయంగా చూడాలి. హైదరాబాద్‌లో ఒకే గదిలో భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటూ సెక్యూరిటీ గార్డుగా చేస్తున్న కొడుకు ఇద్దరినీ తెచ్చి ఎక్కడ పడుకోబెడతాడు? ఒకరైతే సర్దుకోగలడు. అతను చెప్పే ఆ మాట నిజం. అందుకే ఎవరి ఇంట్లో ఎవరు ఉండాలన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఈ ముడి విడదు.

ఇంటికి ఒక్క పింఛను: పెద్దవాళ్లలో ఒకరిని కనబడనివ్వని నియమం

వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా చాలా చిన్నది. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 నుంచి 79 ఏళ్లవారికి నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రాల సొమ్మే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వృద్ధులకు 4,000 ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో 2,016కు పెరిగింది. పై ఉదాహరణలో 4,000 తీసి 2,016 పెడితే లోటు 7,984 అవుతుంది, పిల్లల వాటా తలా 2,660 దాటుతుంది. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే రకం ముసలి దంపతుల బతుకులో అంత తేడా.

వృద్ధాప్య పింఛను కుటుంబానికి ఒకరికే అన్నది రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా నడిచే నియమం. వైకల్యం, కిడ్నీ జబ్బుల వంటి వాటికి మినహాయింపులున్నాయి. ప్రభుత్వం వాదన అర్థం కానిదేమీ కాదు: ఉన్న డబ్బు ఎక్కువ ఇళ్లకు చేరాలంటే ఇంటికొకటి అనక తప్పదు. పిల్లలతో కలిసి ఉండే ముసలివాళ్ల విషయంలో ఈ వాదనకు కొంత బలం ఉంది. పిల్లలకు దూరంగా, ఇద్దరే ఒక ఇల్లుగా బతికేవాళ్ల దగ్గర మాత్రం అది నిలవదు. ఆ ఇంట్లో సంపాదించేవాళ్లు ఎవరూ లేరు, తినేవాళ్లు మాత్రం ఇద్దరు.

రేషన్ కార్డు దగ్గర ఇంకో చిక్కు. కొడుకు కార్డులో పేరు చేరితే ఆ ఇంటి ఆదాయమే వీళ్ల ఆదాయం అవుతుంది. అతను ప్రభుత్వ ఉద్యోగి అయినా, ఆదాయపు పన్ను కట్టినా, కారు కొన్నా తల్లిదండ్రుల పింఛనుకు ఎసరు వస్తుంది. కొడుకు నెలకు ఎంత ఇస్తున్నాడు, అసలు ఇస్తున్నాడా లేదా అన్నది కార్డు చెప్పదు. అందుకే ఒకే ఇంట్లో ఉంటూ కూడా కార్డులు వేరుగా ఉంచుకునే కుటుంబాలున్నాయి. పైనుంచి చూసేవాళ్లకు అది మోసంలా కనిపించవచ్చు. నాకైతే ఆ ముసలివాళ్ల చేతిలో మిగిలిన ఏకైక సొంత ఆదాయాన్ని కాపాడుకునే ప్రయత్నంగానే కనిపిస్తుంది.

పింఛను ఊరిని కూడా పట్టుకుని ఉంటుంది. ఆంధ్రాలో ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని చేతికిస్తారు. తల్లిని హైదరాబాద్‌లో ఉన్న కొడుకు తీసుకెళ్తే ఆ తలుపు దగ్గర ఆమె ఉండదు. రాష్ట్రం దాటితే పింఛను వెంట రాదు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి తీసుకునే వెసులుబాటు 2024 చివర్లో వచ్చింది కాబట్టి నెలనెలా బస్సెక్కే బాధ కొంత తగ్గింది. భర్తకు వచ్చే పింఛను ఆయన పోయాక ఆగిపోయి, భార్య కొత్తగా దరఖాస్తు పెట్టుకుని ఏళ్లు ఎదురుచూసే పరిస్థితిని మార్చడానికి స్పౌజ్ (జీవిత భాగస్వామి) కేటగిరీ పెట్టారు. జంటను జంటగా గుర్తించిన కొద్దిపాటి నియమాల్లో ఇదొకటి. అయితే ఇది పనిచేసేది ఇద్దరిలో ఒకరు పోయాకే.

2007 చట్టం ఏం ఇస్తుంది

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ అంటే ఇందులో తిండి, బట్ట, ఉండటానికి చోటు, వైద్యం. పిల్లలు అంటే కొడుకు, కూతురు, మేజరైన మనవడు, మనవరాలు. కన్నవాళ్లకే కాదు, పెంచుకున్నవాళ్లకూ సవతి తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. తల్లీ తండ్రీ అయితే అరవై నిండనక్కర్లేదు కూడా. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా తమ తర్వాత ఆస్తి దక్కే బంధువును అడగవచ్చు.

విచారించేది ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రైబ్యునల్. పైన అప్పీలు కలెక్టర్ దగ్గర. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ఈలోగా మధ్యంతర భృతి ఇప్పించవచ్చు. భృతి గరిష్ఠంగా నెలకు 10,000. ఆర్డర్ ఇచ్చాక కట్టకపోతే వారంటు, నెల వరకు జైలు. దిక్కులేకుండా ఎక్కడో వదిలేసి వెళ్లిపోతే అది వేరే నేరం: 3 నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. చట్టంలో రాసినదాని ప్రకారం ఇక్కడ వకీళ్లు ఉండరు. ముసలివాళ్లు స్వయంగా రాలేకపోతే తమ తరఫున ఎవరినైనా, ఏ సంస్థనైనా పంపవచ్చు. 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరుకు ఫోన్ చేసి దారి అడగవచ్చు.

ఇదొక్కటే దారి కాదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్ కింద తల్లిదండ్రులు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లేవారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. రెండు దారుల్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఈ బాధ్యత పెళ్లయిన కూతురికీ ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. ఇది చాలామందికి తెలియదు. తెలిసినా కూతురి సొమ్ము తినకూడదని పెద్దవాళ్లే వెనక్కి తగ్గుతారు. ఆ సంకోచాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ పై లెక్కలో కూతురి 2,000 తీసేస్తే ఇద్దరు కొడుకుల వాటా తలా 3,000 అవుతుంది. ఉమ్మడి గది కుదరక విడదీసే దాకా వెళ్లేది చాలాసార్లు ఆ తేడా దగ్గరే.

కోడలు, అల్లుడు ప్రస్తుతం 2007 చట్టంలో లేరు. వాళ్లను చేర్చాలని, 10,000 పరిమితి ఎత్తేయాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

రాజీ కాగితంలో జంట ఎలా విడిపోతుంది

విచారణకు ముందు ట్రైబ్యునల్ ఈ వ్యవహారాన్ని రాజీ అధికారికి పంపవచ్చు. మంచి ఉద్దేశమే: అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ శత్రువులు కాకుండా తేలాలి. అయితే రాజీ అనగానే మన ఊళ్లలో పెద్దమనుషులకు తట్టేది పంపకం. ఇల్లు పంచినట్టు, పొలం పంచినట్టు. "పెద్దోడు తల్లిని చూసుకుంటాడు, చిన్నోడు తండ్రిని చూసుకుంటాడు, ఇక గొడవ లేదు" అని రాసి నలుగురి చేతా సంతకాలు పెట్టిస్తే ఫైలు మూసేయవచ్చు. చట్టం కూడా దీన్ని తప్పు పట్టదు, ఎందుకంటే తల్లికి పోషణ అందింది, తండ్రికీ అందింది.

ఇక్కడ అడగాల్సింది ఏమిటన్నదే కీలకం. "మమ్మల్ని చూసుకోమనండి" అని అడిగితే జవాబు ఎవరింట్లో అన్నదాని చుట్టూ తిరుగుతుంది. "మేమిద్దరం ఫలానా గదిలో ఉంటాం, నెలకు ఇంత తగ్గుతోంది, ముగ్గురూ పంచుకుని బ్యాంకులో వేయమనండి" అని అడిగితే అది డబ్బు ప్రశ్న అవుతుంది. ఒకే దరఖాస్తులో పిల్లలందరినీ చేర్చవచ్చు. ఒక్కరి మీదే వేస్తే మిగతావాళ్లను చేర్చమని ఆ ఒక్కరు కోరే వీలు చట్టంలోనే ఉంది. పోషణలో చోటు కూడా ఉంది కాబట్టి అద్దె అడగడం అదనపు కోరిక కాదు. కలిసి ఉండే హక్కు చట్టంలో రాసి లేకపోయినా, డబ్బుగా ఇప్పిస్తే ఆ హక్కును వాళ్లే వాడుకుంటారు. ఒక్క గదిలో కాపురం ఉండే ఆ సెక్యూరిటీ గార్డుకు కూడా ఇదే సులువు: ఒక మనిషికి చోటివ్వడం కన్నా 2,000 పంపడం.

ఆస్తి రాసిచ్చాక వెనక్కి తీసుకోవచ్చా?

విడిపోవడానికి ముందు దాదాపు ప్రతి కథలోనూ ఒక రిజిస్ట్రేషన్ ఉంటుంది. గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజులో "ప్రేమాభిమానాలతో" అని రాసి, సర్వహక్కులూ ఇచ్చేస్తారు. 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, బాగోగులు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. ఇది చట్టం అమల్లోకి వచ్చాక చేసిన దస్తావేజులకే వర్తిస్తుంది.

చిక్కంతా ఆ షరతు దగ్గరే. సుదేశ్ ఛికారా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, షరతు ఉందని చూపించాలి, తల్లిదండ్రులు ఇచ్చారు కదా అని దానంతట అదే షరతు అనుకోలేమంది. ఊర్మిళా దీక్షిత్ కేసులో 2025 జనవరిలో అదే కోర్టు, ఇది వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలంది. ఆ కేసులో కొడుకు చూసుకుంటానని విడిగా కాగితం రాసిచ్చాడు, దాన్ని లెక్కలోకి తీసుకుని తల్లి ఇచ్చిన ఇంటిని వెనక్కి ఇప్పించింది. రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు. మొదటి కేసులో షరతు ఎక్కడా లేదు, రెండోదాంట్లో విడి కాగితంలో ఉంది. ఏ కాగితమూ లేని మామూలు సెటిల్‌మెంట్ ఇంకా బలహీనమైన స్థితిలోనే ఉంది.

దస్తావేజుల్లో పెద్దగా ఎవరూ గమనించని పదం ఒకటుంది. ఇల్లు సాధారణంగా భర్త పేరున ఉంటుంది. రాసిచ్చేటప్పుడు "నా జీవితకాలం అనుభవించి, తర్వాత నా కుమారునికి" అని రాస్తారు. ఆయన పోయిన మర్నాటి నుంచి ఆ దస్తావేజు కింద భార్యకు ఆ ఇంట్లో ఏమీ ఉండదు. "మా ఇద్దరి జీవితకాలం" అని ఉంటే ఆమె చివరిదాకా అందులోనే ఉంటుంది. వీలునామా అయితే బతికి ఉన్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. పిల్లలు వీలునామాకు ఒప్పుకోక రిజిస్ట్రేషనే కావాలని పట్టుబట్టేది కూడా అందుకే.

అయితే 2007 చట్టాన్ని కోడలిని ఇంట్లోంచి వెళ్లగొట్టే ఆయుధంగా వాడటమూ జరిగింది. ఎస్. వనిత కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు అలాంటి ఉత్తర్వును పక్కనపెట్టి, గృహహింస చట్టం కింద కోడలికి ఆ ఇంట్లో ఉన్న నివాస హక్కును వృద్ధుల చట్టం తుడిచేయలేదని చెప్పింది. ముసలివాళ్ల పేదరికానికి పరిష్కారం మరో ఆడమనిషిని నిలువనీడ లేకుండా చేయడం కాకూడదని నేనూ అనుకుంటాను.

ఆశ్రమాలు, పాత ఇంగ్లండ్ పాఠం

జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా రాష్ట్రాలు ఏర్పాటు చేయవచ్చని 2007 చట్టం చెబుతుంది. "చేయవచ్చు" అన్నదే గాని "చేయాలి" అనలేదు. దానధర్మాల మీద నడిచే ఉచిత ఆశ్రమాల్లో చాలావాటికి ఉన్నది ఆడవాళ్లకో హాలు, మగవాళ్లకో హాలు. భార్యాభర్తలకు గది కావాలంటే డబ్బు కట్టే చోటికి వెళ్లాలి. అంటే పేదవాడైతే విడిపోతాడు, ఉన్నవాడైతే కలిసుంటాడు.

ఇంగ్లండ్ ఈ సంగతిని చాలా ముందే ఎదుర్కొంది. 1834 పేదల చట్టం కింద నడిచిన వర్క్‌హౌస్‌లలో భార్యను ఒక వార్డులో, భర్తను ఒక వార్డులో పెట్టేవారు. దాని మీద జనంలో వచ్చిన వ్యతిరేకత చిన్నది కాదు. 1847లో అరవై దాటిన దంపతులను బలవంతంగా వేరుచేయకూడదని చట్టంలో రాశారు. మన 2007 చట్టంలో ఆశ్రమాల గురించి ఒక అధ్యాయమే ఉంది, అలాంటి వాక్యం మాత్రం లేదు.

ఎవరి బాధ్యత: పిల్లలదా, ప్రభుత్వానిదా?

అస్సాం 2017లో తన ఉద్యోగులు తల్లిదండ్రులను చూసుకోకపోతే జీతంలో కోసి తల్లిదండ్రులకు ఇచ్చే చట్టం తెచ్చింది. కన్నవాళ్లను చూసుకునే బాధ్యతను చట్టంతోనైనా చేయించాలనేవాళ్లకు అది ఆదర్శం. వాళ్ల మాటలో నిజం ఉంది: నెలజీతం వచ్చే కొడుకు తప్పించుకోవడానికి వీల్లేని దారి అది. కాకపోతే పేద ముసలివాళ్లలో చాలామంది పిల్లలు కూలీలు, కౌలు రైతులు, ఆటో డ్రైవర్లు. కోయడానికి జీతమే లేదు. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం గురించి మాట్లాడుతుంది, అది కోర్టుకెళ్లి రాబట్టుకునే హక్కు మాత్రం కాదు. ప్రభుత్వం ఇస్తే పిల్లలు మానేస్తారన్న భయమూ తరచూ వినిపిస్తుంది. మన ఉదాహరణ దానికి ఎదురు చెబుతోంది: పింఛను ఉన్న మనిషినే ముందు చేరదీశారు. రెండో మనిషికీ అదే 4,000 ఉంటే ఆ ఇద్దరికీ తక్కువ పడేది నెలకు 2,000 మాత్రమే, ముగ్గురి మధ్య తలా 700 కూడా కాదు. ఆ ఇంట్లో విడదీయాలన్న ప్రతిపాదనే పుట్టేది కాదేమో.

వైద్యంలో ఒక మెరుగైన మార్పు వచ్చింది. 70 దాటిన అందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం 2024 అక్టోబరులో మొదలైంది. దంపతులిద్దరూ 70 దాటినవాళ్లయితే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే. నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రలు మాత్రం ఇందులోకి రావు. జేబు చిల్లుపడేది వాటి దగ్గరే.

కలిసి ఉండటం ఇష్టంలేని భార్య

ఇంతవరకూ ఇద్దరూ కలిసే ఉండాలనుకుంటున్నారన్న లెక్కలో మాట్లాడుకున్నాం. అన్ని ఇళ్లలో అలా ఉండదు. నలభై ఏళ్లు తాగి కొట్టిన భర్త నుంచి దూరంగా, కొడుకు ఇంట్లో వంతుకు వచ్చాకే మొదటిసారి ప్రశాంతంగా నిద్రపోయిన ఆడవాళ్లున్నారు. 2005 గృహహింస చట్టానికి వయసు పరిమితి లేదు, డెబ్బై ఏళ్ల భార్యకూ అది వర్తిస్తుంది. ట్రైబ్యునల్ ముందు సాధారణంగా మాట్లాడేది భర్తే. "మేమిద్దరం" అని ఆయన అంటాడు, ఆమె కొంగు సర్దుకుంటూ పక్కన నిలబడుతుంది. ఆ "మేమిద్దరం"లో ఆమె ఉందో లేదో తెలియాలంటే అధికారి ఆమెను విడిగా కూర్చోబెట్టి, భర్తా కొడుకులూ వినని చోట అడగాలి. కలపమని ఉత్తర్వు ఇచ్చినా, విడదీసే రాజీకి ఒప్పుకున్నా, ఆ అడగడం ముందు జరగాలి.